మల్లె మారిందా? ముక్కు మారిందా?

సాయంత్రం ఆరున్నర. కుండీలో మల్లెమొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. "ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది అత్తయ్యా!" అంటుంది కోడలు. అత్తగారు దోసెడు పూలు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏం వాసనమ్మా? మా రోజుల్లో మల్లెలు వీధి చివరిదాకా గుబాళించేవి. ఇవన్నీ మందులు వేసి పెంచే పూలు" అని పెదవి విరుస్తారు. మా పక్కింట్లో పోయిన వేసవంతా నడిచిన తగువు ఇది.

ఇద్దరిలో ఎవరిది నిజం అంటారా? ముందు పూల సంగతి చూద్దాం. తర్వాత ముక్కు సంగతి.

పరిమళం ఎప్పుడు పుడుతుంది?

మల్లెమొగ్గలో పరిమళం ముందే నిండి ఉండదు. రేకులు విచ్చుకునే వేళకే అది పుట్టి, గాలిలో కలుస్తుంది. అందుకే ఉదయం కొన్న మూర మల్లెలు పొద్దున చప్పగా ఉండి, రాత్రికి గుప్పుమంటాయి. పొద్దున మొగ్గని వాసన చూసి "ఇందులో ఏమీ లేదు" అనేయకండి. విరజాజి, రాత్రి రాణి కూడా చీకటి పడ్డాకే తమ ఘనత చూపిస్తాయి. కనకాంబరానికి మాత్రం ఏ వేళ చూసినా వాసన ఉండదు. మన పెద్దవాళ్ళు దాని పక్కన మరువం, దవనం చేర్చి కదంబం కట్టింది ఊరికే కాదు!

మల్లె వాసనలో ఇండోల్ అనే పదార్థం కాస్త ఉంటుంది. కొద్దిగా ఉంటే కమ్మదనం, ఎక్కువైతే కంపు. పైగా ఘాటు వాసనలు ఏవైనా పార్శ్వనొప్పి ఉన్నవాళ్ళకు తలనొప్పి తెప్పించవచ్చు. అలాంటివారు ఇంట్లో ఉంటే పూలబుట్ట పడకగదిలో కాకుండా వరండాలో పెట్టండి.

కుండీలో మల్లె ఇలా పెంచండి

* మల్లెకు ఎండే ప్రాణం. రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడలో ఆకులే తప్ప పూలు రావు.
* అడుగున చిల్లున్న పెద్ద కుండీ తీసుకోండి. మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి.
* డిసెంబర్, జనవరిలో ఓ పది రోజులు నీళ్ళు బాగా తగ్గించి, తర్వాత కొమ్మల్ని మూరెడెత్తుకు కత్తిరించండి. మిగిలిన ఆకు దూసేయండి. అప్పుడు ఎరువు వేసి నీళ్ళు మొదలుపెడితే కొత్త చిగుళ్ళతోపాటు మొగ్గలు వస్తాయి. "అయ్యో, పచ్చని చెట్టు" అని జాలిపడితే ఆ వేసవి పూలు తగ్గిపోతాయి.
* యూరియా గుప్పిళ్ళతో వేయకండి. చెట్టు ఏపుగా పెరుగుతుంది, పూలు మాత్రం తక్కువే.

ఎవరి ముక్కు వారిది

జడలో మల్లెలు తురుముకున్న పావుగంటకే ఆ వాసన మనకు తెలియదు. పక్కన కూర్చున్నవారికి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే మన ముక్కూ మెదడూ దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి. కాసేపు బయటికి వెళ్ళి రండి, మళ్ళీ గుప్పుమంటుంది.

ఇదొక్కటే కాదు. 1918లో ఆల్బర్ట్ బ్లేక్స్‌లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త వెర్బినా పూల గురించి ఓ తమాషా సంగతి రాశాడు. అవే పూలు ఒకరికి కమ్మగా ఉంటే ఇంకొకరికి అసలు వాసనే లేనట్టు అనిపించాయట. మన ముక్కులో వాసనల్ని పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వాటి జన్యువుల్ని కనిపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గ్రాహకాలు అందరిలోనూ ఒకేలా ఉండవు. సంపెంగలోనూ గులాబీలోనూ ఉండే బీటా అయనోన్ కొందరికి పూల పరిమళంలా, కొందరికి పుల్లటి ఘాటులా తోస్తుంది. దానికి కారణం ఒక్క జన్యువులోని తేడా అని 2013లో తేలింది. కాబట్టి మీకు నచ్చిన సంపెంగ మీ ఆడపడుచుకి నచ్చకపోతే ఆవిడ పంతం పట్టిందనుకోకండి!

ఇది నవ్వేసి వదిలేసే సంగతి కాదు

ఇక మా పక్కింటి తగువు ఎలా తీరిందో చెబుతాను. ఓ రోజు కోడలు మేడమీద బట్టలు ఆరేస్తోంది. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్న పిన్నిగారికి ఆ మాడు వాసన తెలియనే లేదు. అప్పుడు అర్థమైంది అందరికీ. మల్లెలు మారలేదు.

వయసు పైబడితే చూపు, వినికిడి తగ్గినట్టే వాసన తెలియడమూ తగ్గుతుంది. జలుబులు, ముక్కులో కండలు పెరగడం, 2020 నుంచి చూసిన కోవిడ్ కూడా కారణాలే. కొన్నిసార్లు పార్కిన్సన్స్ వంటి జబ్బుకు ఇది ముందస్తు గుర్తు కావచ్చు. అందుకే వాసన తెలియడం లేదని ఎవరైనా అంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించండి. వంటగ్యాసుకు సొంతంగా వాసన లేదు. లీకైతే తెలియాలనే అందులో ఘాటు వాసన కలుపుతారు. ముక్కు పనిచెయ్యనివారు ఒంటరిగా వంట చేస్తుంటే ఇంట్లో మిగతావారు ఓ కన్నేసి ఉంచాలి. కూర పాడైందో లేదో కూడా వాళ్ళకు తెలియదు.

ముక్కుకి సాధన కూడా ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగు వాసనల్ని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోటి పది ఇరవై సెకన్లపాటు శ్రద్ధగా చూడాలి. కనీసం మూడు నెలలు మానకూడదు. అందరికీ గుణం కనబడదు కానీ చాలామందికి మేలు చేస్తుంది. ఖర్చు దాదాపు లేదు.

పిన్నిగారు ఇప్పుడు అదే చేస్తున్నారు. లవంగం కాస్త అందుతోందట. మల్లె ఇంకా లేదు. అయినా రోజూ సాయంత్రం కోడలు ఓ చిన్న మాల కట్టి ఆవిడ ముడిలో పెడుతోంది. "వాసన వస్తోందా?" అని మాత్రం అడగడం మానేసింది. "ఇవాళ బాగా పూశాయి అత్తయ్యా" అంటుంది, అంతే.