మడత సైకిలు కొనబోయే విద్యార్థులకు

ప్రతి సంవత్సరం సెప్టెంబరు, జనవరి నెలల్లో లండన్‌కి కొత్త బ్యాచ్ విద్యార్థులు దిగగానే నాకు రెండు ప్రశ్నలు తప్పవు. మొదటిది "అన్నా, రూము ఎక్కడ చౌక?". రెండోది, పది పదిహేను రోజులు బస్సు ఖర్చు చూశాక వచ్చేది: "అన్నా, ఫోల్డింగ్ సైకిల్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా, ఏది మంచిది?". మొదటి ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. రెండోదానికి విడివిడిగా అందరికీ చెప్పే బదులు ఇక్కడ వివరంగా రాస్తే నలుగురికీ పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. 2025లో లండన్ బస్సు టికెట్టు 1.75 పౌండ్లు. రోజుకి రానూ పోనూ మూడున్నర, వారానికి అయిదు రోజులైతే 17.50. పది వారాల టర్ముకి 175 పౌండ్లు. ట్యూబు ఎక్కితే ఇంకా ఎక్కువ. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ స్థాయి చదువుకి కాలేజీ జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు కదా, ఆ సంపాదనలోంచి ఇది చిన్న మొత్తమేమీ కాదు. అంటే ఒక టర్ము బస్సు ఖర్చుతో వాడిన సైకిలు ఒకటి వచ్చేస్తుంది. ఇంతవరకూ అందరూ వేసే లెక్కే.

కానీ మీకు కావలసింది మడత సైకిలేనా? చాలామందికి కాదు! ఈస్ట్ హాంలో ఉండి డాక్‌లాండ్స్ క్యాంపస్‌కి వెళ్ళే అబ్బాయిని తీసుకోండి. దారి దాదాపు రెండున్నర మైళ్ళు, మధ్యలో రైలు ఎక్కాల్సిన పనే లేదు. ఇంటి వెనక తాళం వేసుకునే జాగా కూడా ఉంటే అతనికి మామూలు పెద్ద చక్రాల సైకిలే మేలు. అదే డబ్బుకి తేలికగా, గట్టిగా ఉంటుంది. మడత పెట్టే సౌకర్యానికి మనం ధరలోనూ, బరువులోనూ మూల్యం చెల్లిస్తాం. ఆ సౌకర్యం వాడని వాడు అది ఎందుకు చెల్లించాలి?

ఇంకో అమ్మాయి ఉంది అనుకుందాం. చాడ్వెల్ హీత్‌లో స్టేషన్‌కి మైలు పైన దూరంగా రూము. దూరం కాబట్టే అద్దె తక్కువ. చదువు మైల్ ఎండ్ రోడ్డులోని క్వీన్ మేరీలో. స్టేషన్ దాకా సైకిలు, ఎలిజబెత్ లైన్‌లో స్ట్రాట్‌ఫర్డ్, అక్కడినుంచి మళ్ళీ రెండు మైళ్ళు సైకిలు. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి ఆ రోడ్డు పొడుగునా సైకిళ్ళకి విడిగా కట్టిన దారి (సైకిల్‌వే 2) ఉంది కాబట్టి భయపడక్కర్లేదు. రైలుకి రెండువైపులా తొక్కాల్సి వచ్చే ఇలాంటి ప్రయాణానికే మడత సైకిలు పుట్టింది. మామూలు సైకిలుని ఉదయం 7:30 నుంచి 9:30 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు ట్యూబులోకి రానివ్వరు. భూగర్భంలో లోతుగా వెళ్ళే భాగాల్లో అయితే ఏ వేళప్పుడూ రానివ్వరు. పూర్తిగా మడిచిన సైకిలుకి మాత్రం ట్యూబులోనూ, డి.ఎల్.ఆర్.లోనూ, ఎలిజబెత్ లైన్‌లోనూ ఏ వేళయినా అభ్యంతరం లేదు. బస్సులో డ్రైవరు దయ. రద్దీగా ఉంటే వద్దనవచ్చు, వాదించి లాభం లేదు.

మడత సైకిలు అక్కర్లేని ఇంట్లో కూడా దానికి ఒక వాదన ఉంది. అయిదుగురు కలిసి ఉండే ఇంట్లో హాలు లేదు, వరండా లేదు, బయట పెడితే తెల్లారేసరికి ఉండదు. మంచం కింద పెట్టుకోగలిగితే దొంగల భయం పోతుంది. ఇదీ న్యాయమైన కారణమే.

సరే, కొనాలని నిర్ణయించుకున్నారు. అందరూ మొదట చూసేది ధర, రెండోది గేర్లు. నన్నడిగితే మొదట చూడాల్సింది బరువు. ఎందుకంటే ఈ సైకిలుని మీరు తొక్కేటంతసేపూ అది మిమ్మల్ని మోస్తుంది, మిగతా సమయం మీరు దాన్ని మోస్తారు. స్టేషన్ మెట్లు, ప్లాట్‌ఫారం, లైబ్రరీ, మూడో అంతస్తులో రూము. చౌక రకం మడత సైకిళ్ళు 14 నుంచి 16 కిలోలు తూగుతాయి. ఇది ఎంతో తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. ఈసారి సోనా మసూరి పది కిలోల బస్తా తెచ్చుకున్నప్పుడు, దాంతో పాటు ఒక అయిదు కిలోల గోధుమపిండి సంచీ కూడా ఒకే చేత్తో పట్టుకుని మీ ఇంటి మెట్లన్నీ ఎక్కండి. ఆయాసం రాకపోతే ఏ సైకిలైనా కొనుక్కోవచ్చు. వస్తే 12 కిలోల దగ్గరలో ఉన్నదాని కోసం ఇంకో నెల ఆగండి.

చక్రం సంగతి. 16 అంగుళాలు, 20 అంగుళాలు అని ముఖ్యంగా రెండు రకాలు. చిన్నప్పుడు ఊళ్ళో గంటకింత అని అద్దెకు తెచ్చుకున్న బుల్లి సైకిలు గుర్తొచ్చి, చిన్న చక్రమైతే కాళ్ళు గిరగిరా తిప్పాల్సి వస్తుందని మనవాళ్ళకి అనుమానం. అది చక్రాన్ని బట్టి మాత్రమే ఉండదు. పెడల్ దగ్గర ఉన్న చక్రం పళ్ళని వెనక చక్రం పళ్ళతో భాగించి, టైరు అంగుళాలతో హెచ్చవేయండి. ముందు 46, వెనక 16, టైరు 20 అయితే 57.5 వస్తుంది. గేర్లు లేని సైకిలుకి లండన్ లాంటి చదును ఊళ్ళో 55 నుంచి 65 మధ్య ఉంటే హాయిగా తొక్కవచ్చు. 45 కన్నా తగ్గితే కాళ్ళు ఖాళీగా తిరిగినట్టుంటుంది. 75 దాటితే ఎదురుగాలిలో, ఎత్తులో మోకాళ్ళు పట్టేస్తాయి. షెఫీల్డ్ లాంటి కొండల ఊళ్ళో ఉన్నవాళ్ళకి మాత్రం మూడు గేర్లయినా ఉండాలి. ఈ లెక్క షాపువాడు చెప్పడు, పళ్ళు మీరే లెక్కపెట్టుకోవాలి.

చిన్న చక్రానికి అసలు ఇబ్బంది గుంతలు. 16 అంగుళాల చక్రం చిన్న గుంతలోకి కూడా దిగబడుతుంది, 20ది దాటిపోతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, టైరు పక్కన అచ్చు వేసిన మూడంకెల సంఖ్య చూడండి. 406 అని ఉంటే నిశ్చింత. పిల్లల బి.ఎమ్.ఎక్స్. సైకిళ్ళకి వాడే కొలత అది, ట్యూబు ఎక్కడైనా దొరుకుతుంది. 451 అని ఉంటే అదీ 20 అంగుళాలే అంటారు గానీ ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. బ్రాంప్టన్‌ది 349.

బ్రాంప్టన్ పేరు వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. ఆండ్రూ రిచీ అనే ఇంజినీరు 1970లలో లండన్‌లో తన ఫ్లాటులో తయారుచేసిన నమూనాతో మొదలైంది. ఆ కిటికీలోంచి బ్రాంప్టన్ ఆరటరీ చర్చి కనబడేదట, పేరు అక్కడిదే. ఇప్పటికీ లండన్‌లోని గ్రీన్‌ఫర్డ్‌లో తయారవుతుంది. మడిస్తే దాదాపు 65 సెంటీమీటర్ల పొడవు, 59 ఎత్తు, 27 మందం. అంత చిన్నగా, చైను మసి బట్టలకి అంటకుండా మడతపడేది దానికి సాటి లేదని నా అభిప్రాయం. కాకపోతే కొత్తది దాదాపు వెయ్యి పౌండ్ల నుంచి పైకి. వాడినవి కూడా ధర దిగవు. రద్దీ వేళ ట్యూబులో రోజూ వెళ్ళేవాళ్ళకి తప్ప విద్యార్థికి ఆ పెట్టుబడి అవసరం లేదు. డాహన్, టర్న్, డెకాథ్లాన్ వాళ్ళ 20 అంగుళాల సైకిళ్ళు వాడినవి వంద నుంచి రెండు వందల పౌండ్ల మధ్య నేను చాలాసార్లు చూశాను. నా ఓటు వాటికే.

ఉద్యోగం చేసే స్నేహితులు "సైకిల్ టు వర్క్" పథకంలో తీసుకోమంటారు. జీతంలోంచి పన్నుకి ముందు కోసుకునే ఏర్పాటు అది, కాబట్టి చాలామంది విద్యార్థులకి పనికిరాదు. పార్ట్‌టైం ఉద్యోగం ఉన్నా, కోత తరువాత జీతం కనీస వేతనం కన్నా తగ్గకూడదు. మనవాళ్ళలో ఎక్కువమంది చేసేది సరిగ్గా ఆ కనీస వేతనానికే.

వాడినది కొనేటప్పుడు పగటిపూట వెళ్ళండి. మధ్యలో మడతపడే కీలు దగ్గర, వెల్డింగు చుట్టూ రంగులో సన్నటి గీత కనబడితే అది పగులు కావచ్చు. ఎంత చౌకైనా వదిలేయండి. ఫ్రేము నడుస్తుండగా విరిగితే ముందు వెళ్ళేది మీ పళ్ళు. తరువాత ముందు బ్రేకు గట్టిగా పట్టి హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. కటకటలాడితే కీలు లీవరు బిగించమనండి, బిగించినా ఆడుతుంటే వద్దు. సీటు మీద పూర్తిగా కూర్చుని సీటు గొట్టం కిందికి జారుతోందేమో చూడండి. పొడుగ్గా ఉన్నవాళ్ళు గొట్టం మీది హద్దు గీత దాటి పైకి లాగకూడదు. అమ్మేవాడి చేత మూడుసార్లు మడిపించి, విప్పించండి. అతనికే రాకపోతే మీకు రైలు వచ్చే టైముకి ఏం వస్తుంది? బ్రేకు కట్టలు, చైను, టైర్లు అరిగినా భయం లేదు, ముప్పై నలభై పౌండ్లు బేరంలో తగ్గించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఫ్రేము నంబరు అడిగి బైక్‌రిజిస్టర్ అనే దేశవ్యాప్త జాబితాలో వెతకండి, ఉచితమే. దొంగ సొత్తు అని తేలితే సైకిలు అసలు యజమానికి పోతుంది, మీ డబ్బు తిరిగి రాదు. నంబరు గీకేసి ఉంటే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి. మడత సైకిలుని బయట తాళం వేసి వదలడం కూడా మంచిది కాదు. సీటు, హ్యాండిల్ క్షణంలో ఊడొస్తాయి.

ఎలక్ట్రిక్ మోజు ఉన్నవాళ్ళకి ఒక మాట. మోటారు 250 వాట్లు, సాయం గంటకి 15.5 మైళ్ళ దాకా, ఈ హద్దు దాటితే చట్టం దృష్టిలో అది మోటారు వాహనం. లైసెన్సు, ఇన్సూరెన్సు లేకపోతే పోలీసులు పట్టుకుపోతారు. 2025 మార్చి 31 నుంచి ట్యూబు, డి.ఎల్.ఆర్., ఎలిజబెత్ లైన్లలో మడవలేని ఎలక్ట్రిక్ సైకిళ్ళని నిషేధించారు, మడిచేవాటికి మినహాయింపు ఉంది. కిట్టు తగిలించి మార్చిన సైకిలు మాత్రం ఎవరు ఇచ్చినా తీసుకోకండి, వాటి బ్యాటరీలు చార్జింగులో అంటుకుని ఇళ్ళు కాలాయి. ఆ సైకిలు మీద ఫుడ్ డెలివరీ చేద్దామనుకునే వాళ్ళకి కూడా చెప్తున్నాను. ఆ యాప్‌ల పని స్వయం ఉపాధి కింద లెక్క, స్టూడెంట్ వీసాకి అది కుదరదు. సైకిలు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, వీసా పోతే?

ధరలో లైట్ల ఖర్చు కలుపుకోండి. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టరు, పెడళ్ళకి పసుపు రిఫ్లెక్టర్లు చట్టప్రకారం ఉండాలి. మడత సైకిళ్ళలో చాలాసార్లు పెడళ్ళు మారిపోయి ఈ రిఫ్లెక్టర్లు ఉండవు, చూసుకోండి. హెల్మెట్ తప్పనిసరి కాదు గానీ పెట్టుకోండి. పేవ్‌మెంటు మీద తొక్కితే 50 పౌండ్ల జరిమానా పడవచ్చు. ట్రాఫిక్ అంటే బెరుకు ఉన్నవాళ్ళకి లండన్‌లో చాలా కౌన్సిళ్ళు అక్కడ ఉండేవాళ్ళకీ, చదివేవాళ్ళకీ ఉచితంగా సైకిలు శిక్షణ ఇస్తాయి. మీ కౌన్సిల్ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే శిక్షకుడే వచ్చి, మీరు రోజూ వెళ్ళే దారిలోనే వెంట తొక్కుతూ నేర్పిస్తాడు. అక్టోబరు ఆఖరున గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది, అంతకు ముందే ఆ పని పూర్తి చేసుకోండి.