అర్జీ ఫోన్లో, సంతకం ఆఫీసులో: 'మన మిత్ర' గురించి ప్రతి ఇంట్లో తెలుసుకోవాల్సినవి

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల కలెక్టరేట్‌కు 40 కిలోమీటర్లకు పైగా దూరం. చాగలమర్రి నుంచైతే ఇంకా ఎక్కువ. ఒక సర్టిఫికెట్ కోసం నాలుగు సార్లు తిరగాలంటే బస్సు ఛార్జీలు ఒక ఖర్చు, పోయిన కూలి ఇంకో ఖర్చు. అందుకే "ప్రభుత్వం మీ చేతిలోని ఫోన్లోకే వచ్చేసింది" అంటే ఎవరికైనా సంతోషమే. 2025 జనవరి 30న మంత్రి నారా లోకేశ్ 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ గవర్నెన్స్‌ను ప్రారంభించారు. మొదటి విడతలో 161 సేవలు అన్నారు. తర్వాత ఆ సంఖ్య పెరుగుతూ వచ్చింది. 95523 00009 నంబర్‌కు 'హాయ్' అని పంపితే చాలు, కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్, ఇంటి పన్ను, రెవెన్యూ సర్టిఫికెట్లు అన్నీ అక్కడే అని ప్రచారం.

ఇందులో నిజంగా మేలు ఉంది. ఇంటర్ హాల్ టికెట్ కోసం పిల్లలు కాలేజీ ఆఫీసు ముందు నిలబడే పని తప్పింది. బిల్లు కట్టడానికి ఎండలో క్యూ అక్కర్లేదు. దాన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ ప్రభుత్వం ఒక కొత్త టెక్నాలజీ ప్రకటించినప్పుడు, దాంతో ఏ పని మారింది, ఏ పని మారలేదు అని విడదీసి చూసుకోవాలి. ఆ తేడా తెలియక పోతే "ఫోన్లో పెట్టేశాం కదా, అదే వస్తుందిలే" అని ఇంట్లో కూర్చుంటాం. కాలేజీ అడ్మిషన్ గడువు, స్కాలర్‌షిప్ గడువు మాత్రం మన కోసం ఆగవు.

మారింది కౌంటర్ మాత్రమే

ప్రభుత్వ సేవలు రెండు రకాలు. మొదటి రకంలో మనిషి నిర్ణయం అవసరం లేదు. బిల్లు కట్టడం, టికెట్ తీసుకోవడం, హాల్ టికెట్ దింపుకోవడం ఇలాంటివి. కంప్యూటర్‌లో ఉన్న సమాచారం ఫోన్‌కు వస్తుంది, అంతే. ఇవి వాట్సాప్‌లో నిమిషాల్లో అవుతాయి.

రెండో రకంలో ఒక అధికారి చూసి, విచారించి, సరే అనాలి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, భూమి రికార్డుల్లో మార్పు ఈ కోవలోకి వస్తాయి. వీటికి అర్జీ ఎక్కడ పెట్టినా, మీసేవలో పెట్టినా, సచివాలయంలో పెట్టినా, వాట్సాప్‌లో పెట్టినా, అది చివరికి చేరేది అదే రెవెన్యూ సిబ్బంది దగ్గరికి, అదే తహసీల్దార్ లాగిన్‌కు. అక్కడ ఉద్యోగుల సంఖ్య పెరగలేదంటే, అర్జీ ఎంత వేగంగా వెళ్లినా కట్టలో కింద పడి ఉండాల్సిందే. క్యూ మాయం కాలేదు, కంటికి కనపడకుండా పోయింది. గతంలో ఆఫీసు ముందు నిలబడ్డవాళ్లకు ముందు ఎంతమంది ఉన్నారో తెలిసేది. ఇప్పుడు అది కూడా తెలియదు.

అందుకే "ఇన్ని వందల సేవలు" అనే లెక్క విన్నప్పుడు ఇంకో లెక్క అడగాలి. వచ్చిన అర్జీలు ఎన్ని, గడువులోగా తేలినవి ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, ఎందుకు? సేవల సంఖ్య ప్రభుత్వం పెట్టిన తలుపుల లెక్క. ఆ తలుపుల గుండా పని పూర్తి చేసుకుని బయటికి వచ్చినవాళ్లెందరో అది చెప్పదు.

పేరులోనే చిక్కు

ముస్లిం కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. అది పేరు. ఇంట్లో ఉర్దూలో పలికే పేరు ఒకటి, బళ్లో తెలుగు టీచర్ రాసుకున్నది ఒకటి, ఆధార్ సెంటర్‌లో ఇంగ్లిష్‌లో కొట్టినది ఇంకొకటి. మహబూబ్ బాషా ఒకచోట మాబాషా అవుతాడు, ఇంకోచోట మాబు బాష అవుతాడు. ఖాదర్ వలీ కాస్తా కాదర్ వల్లి. ఫాతిమా పెళ్లికి ముందు ఫాతిమా, రేషన్ కార్డులో ఫాతిమాబీ, బ్యాంకు పుస్తకంలో ఫాతిమా బేగం. 'షేక్' అన్న ఒక్క మాటనే ఇంగ్లిష్‌లో నాలుగైదు రకాలుగా రాస్తారు. కొన్ని కార్డుల్లో అది పేరు ముందు ఉంటుంది, కొన్నింట్లో వెనక, కొన్నింట్లో ఒట్టి 'ఎస్' అక్షరమే.

కౌంటర్‌లో కూర్చున్న మనిషికి ఇది అర్థమవుతుంది. నంద్యాలలో, ఆళ్లగడ్డలో పని చేసే ఉద్యోగికి మాబాషా, మహబూబ్ బాషా ఒకరే అని చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌కు మాత్రం అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే 'వివరాలు సరిపోలలేదు' అంటుంది. ఎందుకు సరిపోలలేదో చెప్పదు. బీసీ-ఇ సర్టిఫికెట్‌కైనా, దూదేకుల కుటుంబాల బీసీ-బి సర్టిఫికెట్‌కైనా, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కైనా ఇదే బాధ. సేవ ఫోన్లోకి మారే కొద్దీ, మనిషి సర్దుబాటు చేసే చోటు తగ్గి, అక్షరం తప్పుకు కట్టాల్సిన మూల్యం పెరుగుతుంది.

ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లకే అవకాశం. పుట్టిన తేదీ మార్పు ఒక్కసారే. కాబట్టి ఎవరో చెప్పారని తొందరపడి మార్చుకోకూడదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు మార్చడం అన్నిటికన్నా కష్టం. పిల్లలు పదికి రాకముందే బడి రికార్డు, ఆధార్, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి, ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కటే ఉన్నాయా అని సరిచూసుకోవడం మేలు.

ఎవరి ఫోన్?

"ప్రతి చేతిలో ఫోన్ ఉంది" అనే మాట వినసొంపుగా ఉంటుంది. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం. మగవాళ్లలో అది 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజం. కానీ చాలా ఇళ్లల్లో స్మార్ట్‌ఫోన్ ఉండేది కొడుకు దగ్గరో, భర్త దగ్గరో. వితంతు పెన్షన్ గురించి, తన సర్టిఫికెట్ గురించి ఒక తల్లి అడగాలంటే కొడుకు పని నుంచి ఇంటికొచ్చే దాకా ఆగాలి. ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తే పని వాళ్ల చేతిలో ఉన్నట్టే. చదువు రానివాళ్లు ఏ నెట్ సెంటర్ కుర్రాడి దగ్గరికో పోయి, ఉచిత సేవకు డబ్బులిచ్చి చేయించుకుంటారు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. పెన్షన్‌ను ఇప్పటికీ ఫోన్లో పెట్టి ఊరుకోలేదు. ప్రతి నెలా సచివాలయ ఉద్యోగి ఇంటికొచ్చి చేతికిస్తున్నారు. మనిషి అవసరమైన చోట మనిషి ఉండాలని దీన్నిబట్టే తెలుస్తోంది. మరి సర్టిఫికెట్ కోసం వచ్చిన ముసలావిడకు "వాట్సాప్‌లో పెట్టుకో పో" అని చెబితే అది సేవ అనిపించుకోదు.

వ్యాపారం మాట

వాట్సాప్ ప్రభుత్వానిది కాదు. అమెరికా కంపెనీ మెటాది. రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీతో 2024 అక్టోబర్ 22న ఒప్పందం చేసుకుంది. నెల తిరక్కముందే, నవంబర్ 18న, భారత కాంపిటీషన్ కమిషన్ అదే కంపెనీకి 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2021లో వాట్సాప్ తెచ్చిన ప్రైవసీ పాలసీని 'ఒప్పుకో, లేదా వదిలేసి పో' అన్న పద్ధతిలో జనం మీద రుద్దిందన్నది కారణం. 2025 నవంబర్‌లో అప్పీలు విన్న ట్రిబ్యునల్ కమిషన్ పెట్టిన ఐదేళ్ల ఆంక్షను కొట్టేసినా, జరిమానాను మాత్రం ఖాయం చేసింది.

వాట్సాప్‌లో మెసేజ్‌లకు తాళం ఉంటుందని అందరూ విన్నదే. స్నేహితులిద్దరి మధ్య మాటకు అది వర్తిస్తుంది. ఒక సంస్థకు పంపిన కాగితం మాత్రం అవతల ఆ సంస్థ చేతికి చేరుతుంది. ఆ తర్వాత దాన్ని ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అనేది ఆ సంస్థ పద్ధతి మీద ఆధారపడుతుంది. మెసేజ్ తాళం అక్కడ పనికి రాదు.

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు అందరికీ కనపడేలా ఉన్న సంగతిని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆ వివరాల్లో కులం, మతం కూడా ఉన్నాయి. ఎవరో దొంగతనంగా లోపలికి చొరబడి తీసిన సమాచారం కాదది, సంస్థ తానే తెరిచిపెట్టినది. ఇల్లు కావాలని అర్జీ పెట్టుకున్న పేదవాడి మతమేదో, ఇల్లెక్కడో దారిన పోయేవాడు వెతికి చూసుకోగలిగితే దాని పర్యవసానం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబర్‌లో ప్రకటించారు. అందులోని ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. పైగా సబ్సిడీలు, సర్టిఫికెట్లు, లైసెన్సుల వంటి వాటి కోసం తన దగ్గరున్న వివరాలను మళ్లీ అనుమతి అడగకుండా వాడుకునే వెసులుబాటు ప్రభుత్వానికి ఆ చట్టమే ఇచ్చింది. చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండే రోజు ఇంకా రాలేదు.

ఉమీద్ నేర్పిన పాఠం

పోర్టల్‌లో ఎక్కించడం వేరు, పని పూర్తవడం వేరు అనేదానికి వక్ఫ్ ఆస్తుల వ్యవహారం దగ్గరి ఉదాహరణ. వక్ఫ్ సవరణ చట్టం తర్వాత కేంద్రం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచి, ఆరు నెలల్లో ఆస్తుల వివరాలు ఎక్కించమంది. ఎప్పుడో తాతలనాటి మసీదుకు, ఖబ్రస్తాన్‌కు, దర్గాకు కాగితాలు వెతికి స్కాన్ చేసే భారం ముతవల్లీల మీద పడింది. గడువు పెంచమని అడిగితే డిసెంబర్ 1న సుప్రీంకోర్టు అందరికీ కలిపి పెంచడానికి ఒప్పుకోలేదు. కావాల్సినవాళ్లు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చంది.

గడువు ముగిశాక కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 5.17 లక్షల ఆస్తుల వివరాలు ఎక్కించడం మొదలైంది. అందులో ఆమోదం పొందినవి 2.16 లక్షలు. ముతవల్లీ ఎక్కించాలి, తర్వాత ఒకరు సరిచూడాలి, ఆ తర్వాత ఇంకొకరు ఆమోదించాలి. "ఎక్కించేశాం" అని ఊపిరి పీల్చుకున్న కమిటీలు, తమ ఆస్తి ఆ మూడు మెట్లలో ఎక్కడ ఆగిందో చూసుకోవాలి. సర్టిఫికెట్ విషయంలోనూ లెక్క ఇదే.

పాత తలుపు తెరిచి ఉంచమనాలి

ఇది ఒక పార్టీ గురించిన మాట కాదు. 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు, వలంటీర్లు, 2025లో వాట్సాప్. ఏ ప్రభుత్వం వచ్చినా ఒక కొత్త తలుపు పెట్టి 'ఇక తిరగక్కర్లేదు' అంది. కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి. 2021 జనవరిలో 9,260 బండ్లతో మొదలైన ఇంటింటి రేషన్ 2025 జూన్‌లో ఆగింది, జనం మళ్లీ రేషన్ షాపుకే వచ్చారు. కొత్తది వచ్చినప్పుడు వాడుకోవాలి. కానీ దాన్ని చూపించి పాత కౌంటర్ మూసేస్తామంటే మాత్రం గట్టిగా అడగాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. బిల్లులు, టికెట్లు, హాల్ టికెట్లకు మన మిత్ర వాడుకోవచ్చు. అధికారి సంతకం కావాల్సిన పనికి కూడా అందులో అర్జీ పెట్టవచ్చు, కానీ అర్జీ నంబర్ కాగితం మీద రాసుకుని, గడువు తేదీ సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఆ తేదీ దాటితే ఫోన్లో మళ్లీ మళ్లీ 'హాయ్' కొట్టడం వల్ల లాభం లేదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి, లేదా 1100కు ఫోన్ చేయాలి. కారణం చెప్పకుండా తిరస్కరిస్తే సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు.

ప్రభుత్వం పేరు, బొమ్మ పెట్టుకుని వేరే నంబర్ నుంచి వచ్చే మెసేజ్‌ను నమ్మకూడదు. లింక్ నొక్కమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది.

రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ మంత్రి ఎన్.ఎండీ. ఫరూక్ నంద్యాల ఎమ్మెల్యేనే. జిల్లాలో మన మిత్ర ద్వారా వచ్చిన కుల, ఆదాయ సర్టిఫికెట్ అర్జీలెన్ని, గడువులోగా ఇచ్చినవెన్ని, పేరు సరిపోలలేదని తిప్పి పంపినవెన్ని అనే లెక్క మండలాలవారీగా ప్రతి నెలా బయటపెట్టమని మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు ఆయన్ను అడగవచ్చు. అర్జీలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి కాబట్టి ఆ లెక్క తీయడం కష్టమేమీ కాదు. అది బయటికి వచ్చిన రోజు ఆళ్లగడ్డలో మన మిత్ర ఎంతమందికి నిజంగా మిత్రుడైందో అందరికీ తెలుస్తుంది.