లఘులోలకం: ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రాన్ని మళ్లీ చదవడం ఎలా?

పరిచయం

మీలో కొందరు ఇంటర్మీడియట్ పూర్తిచేసి చాలా ఏళ్లయి ఉండవచ్చు. ఉద్యోగం, సంసార బాధ్యతల మధ్య ఆనాటి పాఠాలు మరుగున పడి ఉంటాయి. లఘులోలకం సూత్రం మాత్రం చాలామందికి ఇప్పటికీ నోటికి వస్తుంది:

ఆవర్తన కాలం = 2 × పై × √(పొడవు ÷ గురుత్వ త్వరణం)

సూత్రం గుర్తుండి, అది ఎలా వచ్చిందో, ఎప్పుడు వర్తిస్తుందో గుర్తులేకపోతే డిగ్రీలో డోలనాల పాఠం మొదటి పేజీలోనే ఆగిపోతుంది. కాబట్టి ఈ ఒక్క సూత్రాన్ని నిదానంగా చదువుదాం. మిగిలిన సూత్రాలనూ మీరు ఇదే పద్ధతిలో చదువుకోవచ్చు.

సూత్రంలో లేనిది ఏది?

గోళం ద్రవ్యరాశి సూత్రంలో లేదు. ఎందుకు? గోళాన్ని మధ్యస్థానానికి లాగే బలం దాని ద్రవ్యరాశికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ బలానికి కలిగే త్వరణాన్ని లెక్కించేటప్పుడు మళ్లీ అదే ద్రవ్యరాశితో భాగిస్తాం. అందువల్ల అది కొట్టివేయబడుతుంది. ఇనుప గోళమైనా, ఇత్తడి గోళమైనా, లోలకం పొడవు ఒకటే అయితే ఆవర్తన కాలం ఒకటే.

దాగి ఉన్న షరతు

గోళం త్వరణం కోణం సైన్ విలువపై ఆధారపడుతుంది. సరళహరాత్మక చలనం కావాలంటే త్వరణం స్థానభ్రంశానికి అనులోమానుపాతంలో ఉండాలి. కోణం చిన్నదైనప్పుడు సైన్ విలువ బదులు కోణాన్నే రేడియన్లలో రాయవచ్చు. 10 డిగ్రీలు అంటే 0.1745 రేడియన్లు, దాని సైన్ 0.1736. తేడా సుమారు 0.5 శాతమే. 60 డిగ్రీలకు ఇవే విలువలు 1.047, 0.866. ఇక్కడ ఆ సౌలభ్యం చెల్లదు. పుస్తకంలో కనిపించే ‘కోణం స్వల్పమైనప్పుడు’ అన్న రెండు మాటలపైనే సూత్రమంతా నిలిచి ఉంది. వాటిని దాటవేసి చదవకండి.

20 డోలనాలు ఎందుకు?

ప్రయోగశాలలో 20 డోలనాల కాలాన్ని కొలవమంటారు. స్టాప్‌వాచి నొక్కడంలో 0.2 సెకన్ల తేడా వస్తుందనుకోండి. 2 సెకన్ల ఒక్క డోలనాన్ని కొలిస్తే దోషం 10 శాతం. 20 డోలనాలకు 40 సెకన్లు పడుతుంది కాబట్టి అదే తేడా 0.5 శాతానికి తగ్గుతుంది. గురుత్వ త్వరణం లెక్కలో కాలం వర్గంగా వస్తుంది. అందుచేత దోషం శాతం దాదాపు రెట్టింపవుతుంది. అంటే మొదటి పద్ధతిలో సుమారు 20 శాతం, రెండో పద్ధతిలో 1 శాతం.

ఉదాహరణ: పొడవు 1 మీటరు, 20 డోలనాలకు కాలం 40.1 సెకన్లు. ఆవర్తన కాలం 2.005 సెకన్లు, దాని వర్గం 4.02. 4 × పై వర్గం విలువ 39.48. దీనిని 4.02తో భాగిస్తే గురుత్వ త్వరణం సెకను వర్గానికి 9.82 మీటర్లు.

గ్రాఫు చెప్పే సంగతి

పొడవును అడ్డంగా, ఆవర్తన కాల వర్గాన్ని నిలువుగా తీసుకుంటే సరళరేఖ వస్తుంది. 39.48ని దాని వాలుతో భాగిస్తే గురుత్వ త్వరణం లభిస్తుంది. పొడవును గోళం కేంద్రం వరకు కాక పైఅంచు వరకే కొలిచారనుకోండి. ప్రతి కొలతలోనూ వ్యాసార్ధమంత తగ్గుతుంది. రేఖ మూలబిందువు గుండా పోదు, కాని వాలు మారదు. ఒకే కొలతతో లెక్క కట్టినవారి ఫలితం చెడుతుంది. గ్రాఫు గీసినవారి ఫలితం నిలుస్తుంది. గ్రాఫు విలువ ఇక్కడే తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పొడవును 4 రెట్లు చేస్తే ఆవర్తన కాలం ఎంత మారుతుంది?
2. చంద్రుడిపై గురుత్వ త్వరణం భూమిపై ఉన్నదానిలో సుమారు ఆరోవంతు. అక్కడ అదే లోలకం ఆవర్తన కాలం ఎంత?
3. నీటితో నిండిన బోలు గోళం అడుగున రంధ్రముంది. నీరు కారుతుండగా ఆవర్తన కాలం ఎలా మారుతుంది?

సమాధానాలు

1. రెట్టింపవుతుంది.
2. భూమిపై ఉన్నదానికి సుమారు 2.4 రెట్లు.
3. ద్రవ్యరాశి కేంద్రం మొదట కిందికి దిగి, నీరంతా పోయాక తిరిగి గోళం కేంద్రానికి చేరుతుంది. కాబట్టి ఆవర్తన కాలం మొదట పెరిగి, తరువాత తగ్గి, తొలి విలువకు వస్తుంది.

సారాంశం

ఏ సూత్రాన్ని చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇందులో ఏ రాశి లేదు, ఎందుకు లేదు? ఏ షరతుపై ఇది నిలుస్తుంది? దీనిని కొలిచి ఎలా సరిచూడగలను? మూడో సమాధానం కోసం అధ్యయన కేంద్రం వరకు ఆగనక్కరలేదు. దారం, చిన్న బరువు, కొలబద్ద, గడియారం ఉంటే ఈ సాయంత్రమే మీ ఇంట్లో ప్రయోగం చేయవచ్చు.