పసివారి కన్నులు – పరిశోధకుల కృషి

దీపము పెట్టువేళ పసిబిడ్డ తడుముకొనుచు గడపకు తట్టుకొని పడిన, దిష్టి తగిలినదని ఉప్పు దిగదుడిచిన తల్లులెందరో! అది దిష్టి కాదు, రేచీకటి. ఆహారమున ‘ఏ’ విటమిను కొరవడుటచే కలుగును. ఉపేక్షించిన కనుగ్రుడ్డే చెడి శాశ్వతాంధత్వము ప్రాప్తించును.

మౌలాలికి సమీపముననే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరున ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఈ విటమినును కాలేయము నెలల తరబడి దాచుకొనగలదు గదా! ఆ గుణమునే ఆధారముగ గొని, డాక్టరు సి. గోపాలన్‌గారి నాయకత్వమున ఆ సంస్థవారు ఒక్కసారిగా పెద్ద మోతాదును బిడ్డలకు నోట పోసి పల్లెలలో పరీక్షించిరి. తత్ఫలితముగా 1970లో ప్రభుత్వము, ఐదేండ్లలోపు బిడ్డలకు ఆరు మాసములకొక తూరి రెండు లక్షల యూనిట్లిచ్చు కార్యక్రమము నారంభించినది.

ఈ విటమిను లోపమును గూర్చియే దీర్ఘకాలము పరిశోధించిన డాక్టరు వినోదినీ రెడ్డిగారు తరువాత ఆ సంస్థకు డైరెక్టరైరి. ఆడువారికి వంటయింటి సంగతులు చాలుననువారికి ఇంతకన్న సమాధానమేల? ఆ సంగతులే ఆమెకు శాస్త్రమైనవి!

మందు ఆరు మాసములకొక తూరి. మునగాకు, తోటకూర, పండిన బొప్పాయి మన పెరటిలోనే యుండును. కూరలో కొంచెము నూనె చేరిన ఆ సత్త్వము చక్కగా ఒంటబట్టును.