నాలుగు కొమ్ములా, రెండా?

కిన్నెరసాని నుంచి పాపికొండల దాకా, కొమ్ము చూసి మృగాన్ని అంచనా కట్టే కళ్ల కథ

అటవీశాఖ వాచర్ వంగి ఎండిన టేకాకును పుల్లతో పక్కకి నెట్టాడు. కింద మేక పెంటికల్లాంటివి కుప్పగా ఉన్నాయి. పైవి నల్లగా, ఇంకా తడిగా ఉన్నాయి. అడుగువి తెల్లబారి, పుల్ల తగలగానే పొడిగా రాలిపోయాయి.

"కొండగొర్రె సార్. రోజూ ఈడికే వస్తది. పెంటికలు ఒక్కచోటే వేస్తది."

మగదా, ఆడదా అని అడిగాను.

"కొమ్ము కనబడాలె గద సార్," అన్నాడు.

ఆ కొమ్ము కోసం రెండు రోజులు కిన్నెరసాని అడవిలో తిరిగాను. పాల్వంచకు దగ్గర్లో 1977లో ఏర్పడిన అభయారణ్యం ఇది. విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. అడవిదున్నలు, ఎలుగులు, కణుజులు, దుప్పులు ఉన్న ఈ అడవిలో అన్నిటికంటే తక్కువగా కంటపడేది కొండగొర్రే. హిందీలో చౌసింగా అంటారు. బరువు ఇరవై కిలోలకు అటూ ఇటూ, ఎత్తు మనిషి మోకాలు దాటి కాస్త పైకి. మగదానికి మాత్రమే కొమ్ములు. చెవుల మధ్య ఒక జత, కళ్లకు పైన నుదుటి మీద ఇంకో చిన్న జత. ప్రపంచంలో అడవి మృగాల్లో నాలుగు కొమ్ములు మామూలుగా మొలిచేది దీనికొక్కదానికే.

వెనక జత ఎనిమిది, పది సెంటీమీటర్లు ఉంటే గొప్ప. ముందు జత రెండు మూడు సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకాస్త. పుట్టిన కొన్ని నెలలకే వెనక జత మొలుస్తుంది. ముందు జత రావడానికి ఏడాదికి అటూ ఇటూ పడుతుంది. అందులోనూ దక్షిణాది మగవాటిలో చాలావాటికి ముందు కొమ్ములు సరిగా ఎదగవు. నుదుటి మీద రెండు బొడిపెలు ఉండి ఊరుకుంటాయి, కొన్నిటికి అవీ ఉండవు. అందుకే మన అడవిలో రెండు కొమ్ములే కనిపించాయని దాన్ని పడుచు మగదనో, వేరే జాతి అనో తేల్చెయ్యకూడదు.

పోనీ నిలబడి చూడనిస్తుందా అంటే అదీ లేదు. మనిషి అలికిడి వినగానే గడ్డిలో నక్కి కదలకుండా ఉండిపోతుంది. పది అడుగుల దూరానికి వచ్చేదాకా ఓర్చుకుని, హఠాత్తుగా లేచి ఎగిరెగిరి పరుగెడుతుంది. మనకు దక్కేది వెనక భాగం, అదీ రెండు సెకన్లు.

అన్నీ జింకలే

ఇక్కడ మన భాషలో ఒక చిక్కుంది. 2014లో తెలంగాణ జింకను రాష్ట్ర జంతువుగా ప్రకటించుకుంది. అది మచ్చల దుప్పి. ఆంధ్రప్రదేశ్ జంతువు కృష్ణజింక. మాటలో రెండూ జింకలే, శాస్త్రంలో మాత్రం రెండూ వేర్వేరు కుటుంబాలు. దుప్పి కొమ్ము కొమ్మలు కొమ్మలుగా చీలి, ఏటా రాలి, మళ్లీ మొలుస్తుంది. అది పూర్తిగా ఎముక. కృష్ణజింక కొమ్ము ఎముక మీద గోరులాంటి పదార్థం తొడుగులా పెరిగినది, బతికినంతకాలం ఊడదు. కొండగొర్రె ఈ రెండో కుటుంబంలోదే, ఆవుకూ మేకకూ దూరపు చుట్టం. పేరులో గొర్రె అని పెట్టిన పాతవాళ్లు ఆ చుట్టరికాన్ని పట్టుకున్నారనే నాకు అనిపిస్తుంది. మొరిగే జింకకు కుక్కగొర్రె అని వేరే పేరుండేది. అది జనం నోట్లోంచి జారిపోయింది. ఇప్పుడు కొన్నిచోట్ల ఆ రెంటినీ కొండగొర్రె అనే పిలుస్తున్నారు. పేరు కలిసిపోతే లెక్కా కలిసిపోతుంది. ఇది చిన్న నష్టం కాదు.

అమెరికాలో ఎల్లోస్టోన్ చూడ్డానికి వయోమింగ్ మీదుగా కార్లో వెళ్లే మన తెలుగువాళ్లు రోడ్డు పక్క మైదానాల్లో ఒక జంతువును చూసి దాన్నీ జింకే అంటారు. దాని పేరు ప్రాంగ్‌హార్న్. అది దుప్పి కాదు, కృష్ణజింకకు చుట్టమూ కాదు. ఆ కుటుంబంలో అదొక్కటే మిగిలింది. దాని కొమ్ము ఇంకా వింత. లోపలి ఎముక నిలిచే ఉంటుంది, పైతొడుగు మాత్రం ఏటా ఊడిపోతుంది. కొమ్ముకు మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన చీలిక ఒకటుంటుంది.

దాన్ని వేటాడ్డానికి అక్కడ లాటరీ వేస్తారు. అరిజోనా లాంటి రాష్ట్రాల్లో మంచి ప్రాంతానికి పర్మిట్ తగలడానికి పది, ఇరవై ఏళ్లు దరఖాస్తు పెడుతూనే ఉండేవాళ్లున్నారు. అన్నేళ్ల తర్వాత చీటీ తగిలినవాడు మొదట కనబడినదాన్ని కాల్చడు. దూరదర్శిని పెట్టి రోజుల తరబడి చూస్తాడు. కొలబద్ద ఆ జంతువు చెవే. చెవి సుమారు ఆరు అంగుళాలు కాబట్టి కొమ్ము దానికి రెండున్నర రెట్లుంటే పదిహేను అంగుళాలన్నమాట. చీలిక చెవి కొసకు పైన మొదలవ్వాలి. పక్కనుంచి చూసినప్పుడు మూలం లావుగా ఉండాలి. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ లెక్క ప్రకారం కొమ్ముల పొడవు, ఒక్కో కొమ్ముకు నాలుగు చోట్ల చుట్టుకొలత, చీలికల పొడవు కలిపి, రెండు వైపుల తేడా తీసేస్తారు. 82 అంగుళాలు వస్తే శాశ్వత రికార్డు పుస్తకంలో చోటు. అదీ కొమ్మును 60 రోజులు ఆరబెట్టాకే కొలవాలి.

ఒకప్పుడు కొన్ని వేలకు పడిపోయిన ప్రాంగ్‌హార్న్ ఇప్పుడు లక్షల్లో ఉంది. వేట లైసెన్సు డబ్బు, 1937 చట్టంతో వన్యప్రాణుల కోసం మళ్లించిన తుపాకుల, తూటాల పన్ను ఆ పెరుగుదలకు తోడ్పడ్డాయి. అది వాళ్ల నేల మీద నెగ్గిన పద్ధతి, ఒప్పుకోవాలి. కానీ అక్కడ మైలు దూరంలోని జంతువు కూడా కంటికి ఆనుతుంది. మన కొండగొర్రె పది అడుగుల్లో ఉన్నా కనబడదు. కాల్చేముందు కొమ్ము చూసి ఎంచుకునే వీలే లేని చోట ఆ పద్ధతిని అరువు తెచ్చుకోవాలనడం నాకు సమ్మతం కాదు.

గోదావరికి అటూ ఇటూ

మనకూ పర్మిట్ల కాలం ఒకటి నడిచింది. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం అతిథిగా వచ్చి నెక్కొండ దగ్గర పులిని కొట్టాడు. చచ్చిన పులి దగ్గర నిలబడిన కర్జన్ దంపతుల ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఖమ్మం అప్పటికి వరంగల్ జిల్లాలో భాగం, 1953లో కానీ వేరు పడలేదు. గోదావరి దాటితే ఏలుబడే వేరు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. 1874 నుంచి అవి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో ఉన్నాయి. ఒక ఒడ్డున నిజాం ఫర్మానా, ఇంకో ఒడ్డున మద్రాసు అటవీ చట్టం. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఏరు దాటే అడవిదున్నకు దాటినప్పుడల్లా చట్టం మారేది. పాపికొండల్ని ఇంగ్లీషువాళ్లు బైసన్ హిల్స్ అని పిలిచింది ఆ దున్న వల్లే. 1945లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కొండరెడ్ల మీద రాసిన పుస్తకం పేరులోనూ ఆ దున్నే నిలిచింది.

స్వాతంత్య్రం వచ్చాక కూడా అడవిని బ్లాకులుగా విడగొట్టి, ఇన్ని రోజులు, ఇన్ని జంతువులు అని పర్మిట్లు రాసిచ్చేవారు. కొట్టిన కొమ్మును కొలిచే పద్ధతి లండన్‌లో రౌలండ్ వార్డ్ 1892లో మొదలుపెట్టిన రికార్డు పుస్తకానిది. ఆ పద్ధతిలో టేపుకు తెలిసేది చచ్చిన మృగం ఒక్కటే. కొమ్ము ఎన్నాళ్లకు అంత పెరిగిందో, ఆ మగది ఎన్ని పిల్లలకు తండ్రయిందో టేపు చెప్పదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ దారిని ఇరుకు చేసింది, 1991 సవరణ దాదాపు మూసేసింది. అడవిదున్న, కొండగొర్రె రెండూ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. తాతల నాటి కొమ్ములకైనా యాజమాన్య పత్రం ఉండాలి, అమ్మడానికి మాత్రం వీల్లేదు.

పెర్మకోర్

భద్రాచలం ఏజెన్సీలో ఒక ఊళ్లో పెద్దాయన అటక మీది నుంచి గుడ్డమూట దించి నా చేతుల్లో పెట్టాడు. పెర్మకోర్. కోయభాషలో పెర్మ అంటే అడవిదున్న. ఆ కొమ్ముల్ని తలపాగాకు బిగించి, నెమలీకలు గుచ్చి, డోలు మెడకు తగిలించుకుని మగవాళ్లు దున్నల్లా కుమ్ముకుంటూ ఆడతారు. ఆడవాళ్లు చేతులు కలిపి వరసగా రేలా పాటలు పాడతారు.

నేననుకున్న దానికంటే బరువుగా ఉంది. తలకు ఆనే చోట గుడ్డ చెమటకు నల్లబడి అట్టలా బిగుసుకుపోయింది. కొమ్ము మూలం మీద వేలు పోనిస్తే గట్లు గట్లుగా తగిలింది. ఎడమది కొస అరిగి మొద్దుబారింది. ముసలి దున్న గుర్తులివి. పడుచుదానికి కొమ్ము నున్నగా, మొన నల్లగా వాడిగా ఉంటుంది, ఒక్కోసారి ముసలిదానికంటే పొడవుగానూ ఉంటుంది. కొమ్ము పొడవునే చూసేవాడు ఆ పడుచుదాన్ని ఎంచుకుంటాడు.

"ఇది ఎప్పటిది తాతా?"

"మా తాత నాటిది."

"ఇది పోతే?"

ఆయన కొమ్మును తిరిగి గుడ్డలో చుట్టేదాకా మాట్లాడలేదు. "పోనియ్యం," అన్నాడు ఆఖరికి.

వానలకు ముందు వచ్చే భూమి పండుగకు, కోయల విజ్జ పండుంకి, మగవాళ్లు విల్లమ్ములతో అడవికి పోవడం ఆచారం. ఆ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలిచి రేలా పాడి వచ్చేపోయేవాళ్ల దగ్గర చందా అడుగుతారు. వేట నుంచి ఉత్తచేతులతో వచ్చినవాణ్ణి ఆటపట్టిస్తారు. ఆ వేటను ఇప్పుడు చట్టం ఒప్పదు. కోడితో, మేకతో సరిపెట్టుకునే ఊళ్లున్నాయి. పండుగను కేసుగా మాత్రమే చూసేవాళ్లతో నేను ఏకీభవించను. కొండగొర్రెను విల్లుతో కొట్టినా కొట్టినట్టే అన్నదీ నిజం. ఈ రెండు మాటల్నీ ఆ పెద్దాయన ముందే అన్నాను. ఆయన రెంటికీ తలూపాడు.

కిన్నెరసానిలో చివరి సాయంత్రం బేస్ క్యాంపులో వాచర్ తన ఫోన్లో కెమెరా ట్రాప్ ఫొటో చూపించాడు. రాత్రి తీసింది, నలుపూ తెలుపూ. సన్నటి కాళ్లు, కాస్త పైకెత్తిన వెనక భాగం, చెవి, ఆ చెవి పక్కన నిటారుగా ఒక కొమ్ము. చెవే కొమ్ముకంటే పెద్దగా కనిపిస్తోంది. మగదే. మరి నుదుటి మీద? అక్కడ ఒక మచ్చ ఉంది. అది బొడిపో, నీడో చెప్పలేం. పక్కనున్న కుర్రాడు నాలుగన్నాడు. వాచర్ రెండన్నాడు.

నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో కెమెరాలను బాటకు రెండు వైపులా, జంతువు పక్కభాగం పడేలా కడతారు. పులిని చారల్ని బట్టి గుర్తుపడతారు గనుక దానికి అదే సరైన పద్ధతి. కొండగొర్రె కొమ్ముల్ని లెక్కించాలంటే మాత్రం అది ఎదురుగా రావాలి. గీత గీసినట్టు రెండు కిలోమీటర్లు పొద్దున్నే నడిచి గడ్డి మేసే జంతువుల్ని లెక్కపెట్టే పనిలోనూ అది మనకు వీపే చూపిస్తుంది.

తెల్లారి మేం మళ్లీ ఆ పెంటికల కుప్ప దగ్గరికి వెళ్లాం. వాచర్ బాట పక్కన కట్టిన కెమెరా విప్పి, కుప్పకు ఎదురుగా ఉన్న చిన్న మద్ది మానుకు తన మోకాలెత్తులో కట్టాడు. అడ్డొచ్చే గడ్డిపరకల్ని ఒక్కొక్కటే తుంచాడు. తర్వాత వెనక్కి వెళ్లి, నాలుగు కాళ్ల మీద వంగి, తల దించుకుని కెమెరా వైపు మెల్లగా నడిచాడు. ఎర్రలైటు వెలిగింది.

"పడ్డది సార్," అన్నాడు లేచి, మోకాళ్లు దులుపుకుంటూ.