ముసురు పట్టితే చేపల చెరువుకు గండం
ఎండ వెలుగు మీదే చేప ఎదుగుదల, రుచి

కైకలూరు: కొల్లేటి చుట్టుపక్కల చేపల రైతులకు మండుటెండ కన్నా మబ్బంటేనే దిగులు. రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే వారికి కంటిమీద కునుకుండదు. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలితే, ఏడాది పెట్టుబడి గంటల్లో తుడిచిపెట్టుకుపోతుంది.

చెరువు నీటికి పచ్చరంగునిచ్చేది కంటికి కనిపించని నాచు. పగటి వెలుగులో ఇది ఆహారం తయారు చేసుకుంటూ నీటిలోకి ప్రాణవాయువును వదులుతుంది. రాత్రి పూట చేపలతో పాటు ఈ నాచు కూడా ఆ ప్రాణవాయువునే పీల్చుకుంటుంది. అందుకే మధ్యాహ్నం నిండుగా ఉండే ప్రాణవాయువు, సూర్యోదయానికి ముందు అట్టడుగుకు చేరుతుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములుంటే చేప హాయిగా మేస్తుంది. 3కు తగ్గితే మేత ముట్టదు, ఎదుగుదల ఆగుతుంది. పగలు ఎండ లేకపోతే రాత్రికి నిల్వ ఉండదు.

మబ్బు రోజున తవుడు, చెక్క సంచులు కట్టడం తగ్గించాలి, లేదా మానాలి. పేడ, కోళ్ల ఎరువు అసలు వేయరాదు. తినక మిగిలిన మేత కుళ్లి ఉన్న కాస్త ప్రాణవాయువునూ మింగుతుంది. అర్ధరాత్రి దాటాక ఏరేటర్లు తిప్పడం, లేదా ఇంజనుతో కొత్త నీరు తోడి పోయడం మేలు.

మట్టి వాసన ఎందుకు?

ఎండ ఉంది కదా అని ఎరువు ఎక్కువ వేసినా ముప్పే. నీలి ఆకుపచ్చ నాచు తెట్టులా పైన పరుచుకుని వెలుగును కిందికి దిగనివ్వదు. అందులో కొన్ని రకాలు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అది చేప కండలోని కొవ్వులో చేరి మట్టి వాసన తెస్తుంది. బొచ్చె ఎంత బరువు తూగినా ఆ వాసనుంటే తినేవాడు మళ్లీ కొనడు. పట్టే ముందు కొన్నాళ్లు శుభ్రమైన నీటిలో ఉంచితే వాసన విరుగుతుంది. నాచు మందు ఒక్కసారే చెరువంతా చల్లితే, చచ్చిన నాచు కుళ్లి చేపల ప్రాణం తీస్తుంది.

చేతిని మోచేతి వరకు నీటిలో ముంచి చూడటం తేలికైన పరీక్ష. మోచేయి మునగకముందే అరచేయి కనిపించకుండా పోతే నాచు మితిమీరినట్టే.

నార్వేలో దీపాలు

చలికాలంలో పగలు బాగా కురచగా ఉండే నార్వేలో సాల్మన్ పెంపకందారులు సముద్రంలోని వలల గూళ్లలో దీపాలు వెలిగిస్తారు. పగటి నిడివిని బట్టే ఆ చేప గుడ్లకు సిద్ధమవుతుంది. అప్పుడు కండలోని కొవ్వు, ఎర్రరంగు గుడ్లకు, తోలుకు తరలిపోయి మాంసం చప్పబడుతుంది. చలికాలంలో రాత్రింబవళ్లు వెలుగునిస్తే ఆ దశ వెనక్కి జరిగి, తిన్న మేత కండగా మారుతుంది.

అక్కడ సాల్మన్‌కు తయారు మేతే ఆధారం. ఇక్కడి బొచ్చె, శీలావతి చెరువుల్లో మేతకు తోడయ్యే నాచుకూ, ఊపిరికీ సూర్యుడే ఆధారం. కనుక చెరువు గట్టున రైతు మేత సంచి విప్పే ముందు ఒకసారి ఆకాశం వంక, మరొకసారి నీటి రంగు వంక చూడటం తప్పనిసరి.