లాసా దారిలో ఆఖరి మజిలీ

కోల్‌కతా నుంచి డార్జిలింగ్‌కు మూడు రోజుల ప్రయాణం: చూడవలసింది మంచుకొండలను మాత్రమే కాదు

1842 ఫిబ్రవరిలో ఒక హంగేరియన్ పండితుడు కలకత్తా విడిచి ఉత్తరదిశగా బయలుదేరాడు. ఆయన పేరు అలెగ్జాండర్ చోమా ద కొరోష్. అప్పటికి 58వ ఏట అడుగుపెట్టి ఉన్నాడు. ఆయన గమ్యం లాసా. ఇరవై రెండేళ్ల క్రితం తన జాతి మూలాలను వెదుక్కుంటూ కాలినడకన స్వదేశం విడిచిన ఈ మనిషి, లడఖ్, జన్‌స్కార్ మఠాలలో గడ్డకట్టే చలికి ఓర్చుకుని టిబెటన్ భాష నేర్చాడు. 1834లో ఆయన టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువూ, వ్యాకరణమూ కలకత్తాలోనే అచ్చయ్యాయి. ఇక మిగిలిన కోరిక లాసా గ్రంథాలయాలను కళ్లారా చూడటమే.

ఆ కోరిక తీరలేదు. తరాయి అడవులు దాటుతుండగా ఆయనకు మలేరియా సోకింది. మార్చి 24న డార్జిలింగ్ చేరాడు. ఒక ఐరోపావాసికి తమ భాషలో, మతసాహిత్యంలో అంతటి పాండిత్యం ఉండటం చూసి సిక్కిం రాజుగారి ప్రతినిధి విస్తుపోయాడు. ముందుకు సాగడానికి అనుమతి దొరుకుతుందన్న ఆశ చిగురించింది. ఇంతలో జ్వరం తిరగబెట్టింది. ఏప్రిల్ 11న చోమా కన్నుమూశాడు. నాలుగు పెట్టెల పుస్తకాలూ కాగితాలూ, ఎప్పుడూ తొడుక్కునే నీలిరంగు దుస్తులు, కొన్ని దుప్పట్లు, ఒక వంటపాత్ర: ఆయన విడిచిపోయిన ఆస్తి ఇంతే.

నేడు డార్జిలింగ్‌కు వెళ్లే యాత్రికుల్లో ఎక్కువమంది ఈ కథ వినకుండానే వెళ్లి వస్తారు. తెల్లవారుజామున టైగర్ హిల్, మధ్యాహ్నం తేయాకు తోట, సాయంత్రం అంగడి వీధి, మర్నాడు తిరుగు ప్రయాణం. మబ్బు కమ్మి కాంచనజంగ కనిపించకపోతే డబ్బు దండుగ అయిందని వాపోతారు. కాని లాసాకు పోదామని బయలుదేరి ఆగిపోయినవారూ, లాసా నుంచి వచ్చి తిరిగి వెళ్లలేకపోయినవారూ కలిసి నిలబెట్టిన ఊరు డార్జిలింగ్. ఈ సంగతి మనసులో పెట్టుకుని వెళ్లిన వారికి మబ్బు పట్టిన రోజు కూడా వృథా కాదు.

ప్రయాణం కోల్‌కతాలోనే మొదలు

రాత్రి రైలుకు ముందు పగలు ఒక పూట మిగిలితే పార్క్ స్ట్రీట్‌కు వెళ్లడం మంచిది. సర్ విలియం జోన్స్ 1784లో స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ అక్కడే ఉంది. చోమా పుట్టిన సంవత్సరం కూడా అదే. 1837 నుంచి లాసాకు బయలుదేరే వరకు ఆయన ఈ సొసైటీలో గ్రంథపాలకుడుగా పనిచేశాడు. టిబెట్‌ను గురించి ఆధునిక ప్రపంచం నేర్చుకున్న తొలి పాఠాలలో చాలా భాగం ఈ వీధిలోనే రూపుదిద్దుకున్నాయి.

డార్జిలింగ్ మెయిల్ రాత్రివేళ సియాల్దాలో బయలుదేరి ఉదయానికి న్యూ జల్పాయ్‌గురి చేరుతుంది. పగటి ప్రయాణం కోరేవారికి 2022 డిసెంబరు నుంచి హౌరా నుంచి వందే భారత్ రైలు కూడా ఉంది. దేశవిభజనకు ముందు ఈ దారి నేటి బంగ్లాదేశ్ మీదుగా సాగేది. ఆ దారి తెగిపోయాక ప్రయాణికులు చాలా ఏళ్లపాటు రైలు దిగి, గంగానదిని స్టీమరులో దాటి, మళ్లీ రైలెక్కవలసి వచ్చింది. 1971లో ఫరక్కా వద్ద రైలు దారి ఏర్పడ్డాకే ఆ అవస్థ తీరింది.

న్యూ జల్పాయ్‌గురి నుంచి కొండమీదికి జీపులో సుమారు మూడు గంటలు పడుతుంది. 1881లో పూర్తయిన రెండడుగుల వెడల్పు పట్టాల చిన్న రైలు 88 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు పగలంతా తీసుకుంటుంది. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. వ్యవధి మూడు రోజులే అయినవారు జీపులో వెళ్లి, డార్జిలింగ్-ఘూమ్ మధ్య మాత్రం చిన్న రైలెక్కితే ముచ్చటా తీరుతుంది, కాలమూ కలిసివస్తుంది.

వానాకాలంలో కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతాయి. కనుక మార్చి-మే నెలలు, లేదా అక్టోబరు-నవంబరు నెలలు అనుకూలం. శరదృతువులో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. కాని దసరా సెలవుల్లో బెంగాల్ సగం కొండమీదే ఉంటుంది. రైలు టికెట్టు, బస ముందే చూసుకోకపోతే ఇబ్బంది తప్పదు. సుమారు 6,700 అడుగుల ఎత్తు కాబట్టి ఏ కాలంలోనైనా ఉన్ని దుస్తులు వెంట ఉండాలి.

మఠాలలో తెలుగునేల జాడలు

మొదటి రోజు ఘూమ్‌కు కేటాయించవచ్చు. 7,407 అడుగుల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషను దేశంలోకెల్లా ఎత్తయినది. దాని సమీపాన యిగా ఛోలింగ్ మఠంలో 15 అడుగుల మైత్రేయ బుద్ధుని విగ్రహం ఉంది. రానున్న బుద్ధుడు లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు పాదాలు కిందికి దించి కూర్చుని ఉంటాడు. మఠంలో కుడివైపుగా ప్రదక్షిణం చేయాలి. ప్రార్థనా చక్రాలను కూడా కుడివైపుగానే తిప్పాలి. పూజ జరుగుతున్నప్పుడు ఫోటో తీయదలచుకుంటే ముందుగా అడగటం మర్యాద.

టిబెటన్ మఠాలలో బట్టలో చుట్టి, చెక్కపలకల నడుమ భద్రపరచిన పొడవాటి గ్రంథాలు కనిపిస్తాయి. తెలుగు యాత్రికుడు వాటి ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన ‘సుహృల్లేఖ’ సంస్కృత మూలం నశించింది. అది టిబెటన్, చైనా అనువాదాలలోనే బతికింది. లాసా సమీపాన 1416లో వెలసిన డ్రెపుంగ్ మహామఠానికి ఆ పేరు మన ధాన్యకటకం నుంచే వచ్చింది. ‘ధాన్యరాశి’ అని ఆ మాటకు అర్థం. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలోనే ఉపదేశించాడని టిబెటన్ల విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది అందుకే. కృష్ణాతీరం నుంచి హిమాలయాలు దాటిపోయిన మాటలు ఆ చెక్కపలకల మధ్య పదిలంగా ఉన్నాయి.

ఆగిపోయినవారు

రెండవ రోజు ఊళ్లోనే నడవాలి. చౌరస్తా పైనున్న అబ్జర్వేటరీ హిల్ మీద ఒకప్పుడు దోర్జేలింగ్ మఠం ఉండేది. దోర్జే అంటే వజ్రం, లింగ్ అంటే చోటు. ఊరికి ఆ పేరే నిలిచింది. నేడక్కడ మహాకాళుని సన్నిధిలో హిందూ పూజారీ బౌద్ధ లామా కలిసి అర్చన చేస్తారు. చెట్ల నిండా రంగురంగుల ప్రార్థనా పతాకాలు రెపరెపలాడుతుంటాయి.

లెబాంగ్ కార్ట్ రోడ్డు పక్కన పాత శ్మశానవాటికలో చోమా సమాధి ఉంది. స్మారకాన్ని కట్టించింది ఆయన పనిచేసిన ఏషియాటిక్ సొసైటీయే. ఆయన చేరలేని లాసాను ఇదే ఊరినుంచి వెళ్లి 1882లో చూసి వచ్చినవాడు శరత్ చంద్ర దాస్. ఈ బెంగాలీ పండితుడు 1874లో భూటియా బోర్డింగ్ స్కూలు ప్రధానోపాధ్యాయుడుగా డార్జిలింగ్ వచ్చాడు. టిబెట్ పర్యటన తర్వాత ఇక్కడ ఇల్లు కట్టుకుని ‘లాసా విల్లా’ అని పేరు పెట్టుకున్నాడు. 1902లో పెద్ద నిఘంటువు వెలువరించాడు. అయితే ఆ విజయానికి మూల్యం మరొకరు చెల్లించారు. దాస్ బ్రిటిష్ ప్రభుత్వానికి సమాచారం చేరవేశాడని తెలిశాక, ఆయనకు ఆశ్రయమిచ్చిన సెంగ్‌ఛెన్ లామాకు టిబెట్‌లో మరణశిక్ష పడింది.

‘ఓల్గా నుంచి గంగకు’ రచయితగా తెలుగువారికి ఆత్మీయుడైన రాహుల్ సాంకృత్యాయన్ చివరి మజిలీ కూడా ఈ ఊరే. నాలుగుసార్లు టిబెట్ వెళ్లి, భారతదేశంలో కనుమరుగైన సంస్కృత బౌద్ధగ్రంథాల జాడ తీసిన ఆయన 1963 ఏప్రిల్ 14న డార్జిలింగ్‌లో మరణించాడు.

మూడవ రోజు ఉదయం పనిదినమైతే లెబాంగ్ వైపు వాలులో ఉన్న టిబెటన్ శరణార్థుల స్వయంసహాయ కేంద్రం తప్పక చూడదగ్గది. 1910లో చైనా సేనలనుంచి తప్పించుకుని వచ్చిన 13వ దలైలామా తన ప్రవాసంలో కొంతకాలం గడిపిన స్థలమది. 1959లో మళ్లీ చరిత్ర అదే దారి పట్టింది. 14వ దలైలామా వెనుక వేలాది టిబెటన్లు హిమాలయాలు దాటి వచ్చారు. ఆ ఏడాది అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, ఈ కేంద్రం పని ప్రారంభించింది. తివాచీల నేత, ఉన్ని వడకటం, కొయ్య చెక్కడం ఇక్కడి వృత్తులు. కొన్నాళ్లు తలదాచుకుని వెళ్లిపోదామని వచ్చినవారు ఇక్కడే ముసలివారయ్యారు. వారి పిల్లలూ మనుమలూ భారతదేశంలోనే పుట్టారు. తాతలు విడిచివచ్చిన దేశాన్ని వారు ఆ తివాచీల మీది డ్రాగన్లలో, మంచుసింహాలలో తప్ప చూసి ఎరుగరు.

అక్కడ ఒక చిన్న తివాచీ కొని, ఓ ప్లేటు మోమోలు తిని, మధ్యాహ్నం జీపెక్కితే రాత్రి రైలు అందుతుంది. మర్నాడు ఉదయం సియాల్దాలో దిగవచ్చు. చోమాకు గాని, 1959లో వచ్చిన ఆ నేతగాళ్లకు గాని దక్కనిది ఈ యాత్రికుడి జేబులో ఉంటుంది: తిరుగు టికెట్టు.